తలల లెక్కతో తేలని ఇంధన లెక్క

సభకు నమస్కారం.

జనాభా పెరుగుతోంది కాబట్టి ఇంధనం తరిగిపోతోందనే మాటను బడి పుస్తకాల్లోనూ, వేదికల మీదా ఎంతకాలంగా వింటున్నామంటే, అది నిజమో కాదో పరీక్షించాలన్న ఆలోచన కూడా మనలో చాలామందికి రాదు. ఈ సాయంత్రం నేను ఆ పరీక్షే చేయదలచుకున్నాను. జనాభాకూ ఇంధన వనరులకూ సంబంధమే లేదని నేను అనను. అయితే ఆ రెండింటి మధ్య ఆర్థిక వ్యవస్థ నిలబడి ఉంటుంది. ఇంధనానికి ఎంత ధర కట్టాలి, దాన్ని తవ్వేవాడికి దేన్ని బట్టి బహుమానం ఇవ్వాలి, ముందుగా ఎవరి ఇంటికి కరెంటు తీగ లాగాలి అన్నవి అది పెట్టే నియమాలు. తలల సంఖ్య కంటే ఎక్కువగా వనరుల గతిని నిర్ణయించేవి ఈ నియమాలేనని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారాలేమిటో మీ ముందు ఉంచుతాను.

ముందుగా స్థూలమైన లెక్క చూద్దాం. 1900లో ప్రపంచ జనాభా సుమారు 160 కోట్లు. 2000 నాటికి అది 600 కోట్లు దాటింది. అంటే నూరేళ్లలో మనుషుల సంఖ్య దాదాపు నాలుగు రెట్లయింది. అదే నూరేళ్లలో మానవజాతి వాడిన ఇంధనం, కట్టెలూ పిడకలూ కలుపుకొని, సుమారు పది రెట్లయింది. జనాభా ఒక్కటే కారణమైతే వినియోగం నాలుగు రెట్ల దగ్గర ఆగి ఉండేది. మిగిలినదంతా ఒక్కొక్క మనిషి వాడకంలో వచ్చిన పెరుగుదల. ఆ పెరుగుదల కూడా అందరికీ సమానంగా అందలేదు. ప్రపంచ జనాభాలో 4 శాతం మాత్రమే ఉన్న అమెరికా ఇవాళ ప్రపంచ ఇంధనంలో 15, 16 శాతం వాడుతుండగా, జనాభాలో దాదాపు 18 శాతం ఉన్న భారతదేశం వాటా 6, 7 శాతం దగ్గరే ఉంది.

జపాన్‌కు చెందిన ఇంధన ఆర్థికవేత్త యోయిచి కయా కర్బన ఉద్గారాలను నాలుగు అంశాల లబ్ధంగా రాసి చూపారు. మొదటిది జనాభా. రెండోది తలసరి ఆదాయం. మూడోది ఒక్కో రూపాయి ఆదాయం సంపాదించడానికి కాల్చే ఇంధనం. నాలుగోది ఒక్కో యూనిట్ ఇంధనం నుంచి వెలువడే కర్బనం. ఈ నాలుగింటిలో జనాభా చాలా నెమ్మదిగా కదులుతుంది, దానికి తరాలు పడుతుంది. మిగిలిన మూడూ ఒక చట్టంతోనో, ఒక ధరల నిర్ణయంతోనో, ఒక యుద్ధంతోనో పదేళ్లలోపే తలకిందులు కాగలవు.

ఇది మన వాళ్ల బతుకుల్లోనే కనిపిస్తుంది. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ, కోనసీమ నుంచీ కువైట్‌కు వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న స్త్రీలు వేలల్లో ఉన్నారు. వారిలో ఒకామెనే తీసుకుంటే, సొంత ఊళ్లో ఆమె ఇంట్లో ఒక ఫ్యాను, రెండు మూడు బల్బులు, ఒక టీవీ ఉంటాయి. ఆమె పనిచేసే ఇంట్లో ఏసీలు రాత్రింబగళ్లు నడుస్తాయి, తాగే నీరు కూడా సముద్రపు నీటి నుంచి ఉప్పు తీయగా వచ్చినదే. ఎండ తీవ్రత ఒక కారణమే, కాదనను. కానీ కువైట్‌లో పౌరుల సొంత ఇళ్లకు కరెంటు ధరను 1966లో యూనిట్‌కు 2 ఫిల్సుగా, అంటే మన లెక్కలో రూపాయి కంటే తక్కువగా, నిర్ణయించి దశాబ్దాల పాటు అలాగే ఉంచారు. చమురు అమ్మిన డబ్బును ప్రజలకు పంచడానికి ఆ రాజ్యం ఎంచుకున్న మార్గాల్లో అదొకటి. తలసరి విద్యుత్ వినియోగంలో ఆ చిన్న దేశం ప్రపంచంలో అగ్రశ్రేణిలో ఉండడానికి ఈ ధరే ఒక ముఖ్య కారణం. మనిషి మారలేదు, ఆమె ఆకలీ అవసరమూ మారలేదు. ఆమె చుట్టూ ఉన్న ఆర్థిక ఏర్పాటు మారింది.

ఇప్పుడు చైనా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. జనాభా నియంత్రణలో చైనా చేసినంత కఠినమైన ప్రయోగం మరే దేశమూ చేయలేదు. 1980 నుంచి 2015 వరకు ఒక్క బిడ్డ విధానాన్ని అమలు చేసింది. ఆ విధానం స్త్రీల మీద మోపిన హింసను తక్కువ చేసి మాట్లాడడం తప్పు కాబట్టి, ముందుగా ఆ మాట చెప్పి ముందుకు వెళతాను. మరి ఇంధనం సంగతేమిటి? 2000కూ 2013కూ మధ్య చైనా జనాభా సుమారు 8 శాతమే పెరిగింది. అదే కాలంలో ఆ దేశం కాల్చిన బొగ్గు ఏడాదికి 140 కోట్ల టన్నుల స్థాయి నుంచి 420 కోట్ల టన్నుల స్థాయికి, అంటే మూడు రెట్లకు చేరింది. ప్రపంచంలో తవ్వే బొగ్గులో సగానికి పైగా ఒక్క దేశంలో మండడం మొదలైంది.

అంతకుముందు ఇరవై ఏళ్లలో చైనా ఇలా లేదన్నది గమనించదగ్గ విషయం. 1980 నుంచి 2000 వరకు ఆ దేశ ఆదాయం పెరిగిన వేగంలో దాదాపు సగం వేగంతోనే ఇంధన వినియోగం పెరిగింది. పాత ఫ్యాక్టరీల్లోని దుబారాను తగ్గించడం, ధరలను కొంత సరిచేయడం, తేలికపాటి పరిశ్రమలకు చోటివ్వడం అందుకు కారణాలు. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన తర్వాత ఉక్కు, సిమెంటు, గాజు, రసాయనాల ఉత్పత్తి విపరీతంగా పెరిగింది. స్థానిక అధికారుల పదోన్నతులు వారి ప్రాంతపు వృద్ధి రేటుతో ముడిపడి ఉండడంతో ప్రతి రాష్ట్రమూ తనకంటూ ఉక్కు కర్మాగారాలూ విద్యుత్ కేంద్రాలూ కట్టుకుంది. వాటిలో తయారైన సరుకులో పెద్ద భాగం అమెరికాకూ యూరప్‌కూ ఓడల్లో వెళ్లింది. 2000ల మధ్యకాలంలో చైనా ఉద్గారాలలో పావు వంతుకు అటూఇటుగా ఎగుమతి సరుకుల తయారీవేనని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ బొగ్గును ఎవరి ఖాతాలో రాయాలి? షాన్సీ గనుల్లో తవ్వినవారి ఖాతాలోనా, ఆ సరుకు కొని వాడుకున్నవారి ఖాతాలోనా? తలల లెక్క ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. 2022 నుంచి చైనా జనాభా తగ్గుతోంది. ఆ తర్వాత కూడా 2023, 2024 సంవత్సరాలలో అక్కడి బొగ్గు వాడకం కొత్త గరిష్ఠాలకు చేరింది.

మార్కెట్లూ ఎగుమతులూ లేని వ్యవస్థలో వనరులు భద్రంగా ఉంటాయనుకుందామా అంటే, సోవియట్ అనుభవం అందుకు ఒప్పుకోదు. 1980లలో ప్రపంచంలో అత్యధికంగా చమురు తీసిన దేశం సోవియట్ యూనియనే. అక్కడ లాభాపేక్ష లేదు, ప్రైవేటు చమురు కంపెనీలు లేవు, ఉత్పత్తి మొత్తం ప్రణాళిక ప్రకారమే సాగేది. కానీ ఆ ప్రణాళిక లక్ష్యాలను టన్నుల్లోనూ మీటర్లలోనూ నిర్ణయించేది. డ్రిల్లింగ్ బృందాలకు చమురు దొరికిందా లేదా అన్నదాని కంటే ఎన్ని మీటర్లు తవ్వారన్నదాని మీద బోనస్ లెక్క కట్టేవారు. అందువల్ల లోతైన, కష్టమైన బావుల వైపు వెళ్లడం కంటే సులువైన చోట మీటర్లు పూర్తి చేసుకోవడమే వారికి లాభసాటిగా ఉండేది. పశ్చిమ సైబీరియాలోని సమోత్లోర్ వంటి మహా క్షేత్రాల్లో లక్ష్యాలు అందుకోవడానికి నీటిని అతిగా లోపలికి పంపి చమురును తొందరగా పైకి తెచ్చారు. ఫలితంగా ఏటేటా చమురుతో పాటు పైకి వచ్చే నీటి వాటా పెరుగుతూ పోయింది. ఇక వాడకం వైపు చూస్తే, నగరాల్లో పెద్ద బాయిలర్ల నుంచి గొట్టాల ద్వారా ఇళ్లకు వేడినీరు సరఫరా చేసేవారు. ఇళ్లలో మీటరు గానీ, వేడిని తగ్గించుకునే మీట గానీ ఉండేవి కావు. గది మరీ వేడెక్కితే మంచు కురిసే కాలంలోనూ కిటికీ తెరవడం తప్ప మార్గం లేదు. ఆ వేడికి వారు చెల్లించేది దాదాపు ఏమీ ఉండేది కాదు గనుక పొదుపు చేసినా వారికి కలిగే ప్రయోజనం లేదు.

1991లో ఆ వ్యవస్థ కూలిపోయింది. రష్యా భూభాగంలో 1987లో దాదాపు 57 కోట్ల టన్నులున్న వార్షిక చమురు ఉత్పత్తి 1996 నాటికి 30 కోట్ల టన్నులకు పడిపోయింది. ఈ పదేళ్లలో రష్యా జనాభా 15 కోట్లకు కొంచెం తక్కువగా, దాదాపు స్థిరంగానే ఉంది. భూమి కింద చమురు హఠాత్తుగా అయిపోలేదు, మనుషులూ తగ్గిపోలేదు. ప్రధానంగా ఆర్థిక వ్యవస్థ మారడం వల్ల దాదాపు సగం ఉత్పత్తి మాయమైంది. సుమారు కోటి పది లక్షల జనాభా ఉన్న క్యూబాకు రాయితీ ధరకు అందుతున్న సోవియట్ చమురు సగానికి పైగా తగ్గిపోయి, బస్సులు ఆగి, చైనా నుంచి సైకిళ్లు లక్షల్లో దిగుమతి అయ్యాయి, పొలాల్లో ట్రాక్టర్ల స్థానంలోకి ఎడ్లు తిరిగి వచ్చాయి. క్యూబా పొదుపును ఆదర్శంగా చెప్పేవారు ఉన్నారు. అది ప్రజలు కోరి ఎంచుకున్న పొదుపు కాదనీ, ఆ ఏళ్లలో అక్కడి జనం ఆకలితో చిక్కిపోయారనీ మరచిపోకూడదు.

మార్కెట్ వ్యవస్థ తప్పు మరో రకమైనది. అది కొరతను ధర ద్వారా పసిగడుతుంది, ఈ గుణం నిజంగా గొప్పదే. 1973 అక్టోబరులో జరిగిన అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత కొన్ని నెలల్లోనే పీపా చమురు ధర 3 డాలర్ల స్థాయి నుంచి 12 డాలర్ల దగ్గరకు చేరినప్పుడు, జపాన్ పరిశ్రమలు తమ కొలిమిలనూ మోటార్లనూ మార్చుకున్న తీరు ఇప్పటికీ పాఠ్యాంశమే. కానీ ధరలో లేనిది మార్కెట్ కంటికి కనిపించదు. బొగ్గు పొగతో పాడయ్యే ఊపిరితిత్తులూ, వేడెక్కే వాతావరణమూ, రేపటి తరానికి మిగలని చమురూ బిల్లులోకి ఎక్కవు. పైగా ఆదా చేసినంత మాత్రాన మొత్తం వాడకం తగ్గుతుందన్న హామీ లేదు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలైన తర్వాతే వాటిని మరిన్ని చోట్ల వాడారనీ, అందువల్ల ఇంగ్లండులో బొగ్గు వాడకం మొత్తం మీద పెరిగిందనీ విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే చూపించాడు. తక్కువ కరెంటుతో చల్లబరిచే ఏసీ వచ్చాక మన ఇళ్లలో రెండో గదికీ ఏసీ పెట్టుకుంటున్నాం కదా, అదే సంగతి.

మన రెండు రాష్ట్రాలలో ఈ విషయం తేటగా కనిపించేది వ్యవసాయ విద్యుత్తులో. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం రైతులకు ఉచిత కరెంటు మీద చేశారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా మొదలుపెట్టింది. ఈ నిర్ణయాలను విమర్శించేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గోదావరి, కృష్ణా డెల్టాల రైతుకు ప్రభుత్వం కట్టిన ఆనకట్టల నుంచి కాలువ నీరు నామమాత్రపు తీరువాకే అందుతుండగా, అనంతపురం, నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట రైతు సొంత అప్పుతో బోరు వేయించుకుని, అది ఎండిపోతే ఇంకో బోరు వేయించుకుని, దానికి కరెంటు బిల్లు కూడా కట్టవలసి వచ్చేది. ఆ అన్యాయాన్ని కొంతైనా సరిచేసిన చర్య అది. 1990ల చివరి నుంచి మెట్ట జిల్లాల్లో జరిగిన రైతు ఆత్మహత్యలు తెలిసినవారెవరూ దాన్ని తేలికగా కొట్టిపారేయలేరు.

అయినా ఫలితాలను చూడక తప్పదు. యూనిట్‌కు ధర లేనప్పుడు సరఫరాను గంటలతో కట్టడి చేయడమే డిస్కమ్‌లకు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలకు, మిగిలిన దారి. ఆ గంటలు అర్ధరాత్రి వచ్చిన కాలంలో రైతులు చీకట్లో పొలానికి వెళ్లి పాము కాటుకూ కరెంటు షాకుకూ బలయ్యారు. ఆ బాధ తప్పించుకోవడానికి, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే ఒకేసారి వందల మోటార్లు తిరగడంతో వోల్టేజీ పడిపోయేది, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి, మడి నిండినా మోటారు ఆగేది కాదు. మోటార్లకు మీటర్లు లేకపోవడంతో రైతు ఎంత వాడాడో, తీగల్లో ఎంత పోయిందో, దొంగతనంగా ఎంత వెళ్లిందో విడదీసి చెప్పే లెక్క సరిగా ఉండదు. తెలంగాణలో 25 లక్షలకు పైగా ఉన్న వ్యవసాయ మోటార్లు తోడే నీటిలో వానాకాలం వరికే కాక యాసంగి వరికి వెళ్లేదీ చాలా పెద్ద భాగం. రైతుకు మద్దతు ధర నమ్మకంగా దొరికేది వరికే కాబట్టి వరి వేస్తాడు, వరికి నీరు కావాలి, నీటికి కరెంటు కావాలి, కరెంటుకు బొగ్గు కావాలి. ఈ గొలుసులో రైతు తప్పు ఒక్కటీ నాకు కనిపించదు. అతని ముందు పెట్టిన ధరలకు అతను సరిగ్గానే స్పందిస్తున్నాడు. ఎకరానికి ఇంత అని నగదు సాయం నేరుగా ఇచ్చి, కందికీ చిరుధాన్యాలకూ కూడా వరికి ఉన్నంత కొనుగోలు భరోసా కల్పించి, పొలాలకు కరెంటు తెచ్చే లైన్లను, అంటే వ్యవసాయ ఫీడర్లను, వేరు చేసి పగటి పూట సౌర విద్యుత్తుతో నడిపితే, రైతు ఆదాయం తగ్గకుండానే బొగ్గునూ భూగర్భ జలాన్నీ కాపాడుకోవచ్చునన్నది నా గట్టి నమ్మకం.

జనాభా ప్రభావమే లేదా అని మీరు అడగవచ్చు. ఉంది, ముఖ్యంగా పేదరికం ఉన్నచోట ఉంది. ప్రపంచంలో ఇప్పటికీ 200 కోట్లకు పైగా మనుషులు కట్టెలు, బొగ్గులు, పిడకలు, కిరోసిన్‌తో వంట చేసుకుంటున్నారు. అలాంటి చోట కుటుంబాలు పెరిగిన కొద్దీ ఊరి చుట్టూ ఉన్న అడవి పలచబడుతుంది, పుల్లల కోసం ఆడవాళ్లు నడిచే దూరం పెరుగుతుంది. కానీ అక్కడ కూడా బయటపడే దారి సరఫరా ఏర్పాటులోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం మహిళా సంఘాల ద్వారా గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకాన్ని తెచ్చింది. సిలిండర్ ధర పెరిగినప్పుడల్లా పేద కుటుంబాలు మళ్లీ కట్టెల పొయ్యి వైపు తిరగడం కూడా మనం చూశాం.

ఇక మన జనాభా సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా స్థిరంగా ఉండడానికి కావలసిన 2.1 కంటే రెండూ తక్కువే. అయినా మన విద్యుత్ గిరాకీ ఏటా కొత్త గరిష్ఠాన్ని తాకుతోంది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి డేటా కేంద్రాన్ని ప్రకటించింది. గిగావాట్ అంటే పరవాడ దగ్గరున్న 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యంలో సగం. ఆ గిరాకీకీ విశాఖ జిల్లా జననాల రేటుకూ ఏ సంబంధమూ లేదు. ఆ కరెంటును ఏ ధరకు ఇస్తారు, ఏ వనరు నుంచి తెస్తారు, సర్వర్లను చల్లబరిచే నీరు ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్నలను ఒప్పందాలు కుదిరేటప్పుడే బహిరంగంగా అడిగే హక్కు మనకుంది, అడగాలి కూడా.

రాబోయే దశాబ్దాల్లో జనాభా నిజంగా పెరగబోయేది ఆఫ్రికాలో. ఇవాళ 150 కోట్లున్న ఆ ఖండపు జనాభా 2050 నాటికి 250 కోట్లకు చేరువవుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. సహారా ఎడారికి దక్షిణాన దాదాపు 60 కోట్ల మందికి ఇప్పటికీ కరెంటు లేదు. 20 కోట్లకు పైగా జనాభా ఉన్న నైజీరియా చమురు ఎగుమతి చేస్తుంది, కానీ అక్కడి గ్రిడ్ సాధారణంగా ఇవ్వగలిగేది నాలుగైదు వేల మెగావాట్లే కావడంతో దుకాణాలూ ఆసుపత్రులూ పెట్రోలు, డీజిల్ జనరేటర్ల మీద నడుస్తాయి. ఈ జనం ఏ ఇంధనంతో అభివృద్ధి చెందుతారన్నది ప్రపంచ వనరుల మీద పెద్ద ప్రభావమే చూపుతుంది. ప్రపంచంలో మేలైన సౌర వనరులలో 60 శాతం ఆఫ్రికాలోనే ఉన్నా, అక్కడ పెట్టిన సౌర పలకల సామర్థ్యం ప్రపంచం మొత్తంలో 1 శాతమేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ చెబుతోంది.

ఎండ ఉండి కూడా పలకలు ఎందుకు లేవంటే, ప్రధాన కారణం వడ్డీ. డీజిల్ జనరేటర్‌కు మొదట పెట్టే డబ్బు తక్కువ, ఖర్చంతా రోజూ పోసే నూనెది. సౌర విద్యుత్తుకు దాదాపు ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి, అంటే అప్పు తేవాలి. 100 రూపాయల అప్పును 20 ఏళ్లలో సమాన వాయిదాలలో తీర్చాలంటే 4 శాతం వడ్డీకి ఏడాదికి 7 రూపాయల 36 పైసలు కడితే చాలు. 12 శాతం వడ్డీకైతే 13 రూపాయల 39 పైసలు కట్టాలి. పలక అదే, ఎండ ఇంకా మేలైనది, అయినా యూనిట్ ధర దాదాపు రెట్టింపవుతుంది. సంపన్న దేశాలతో పోలిస్తే ఆఫ్రికాలో ఇలాంటి పెట్టుబడుల మీద వడ్డీ, లాభాల భారం రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ భారాన్ని తగ్గించే హామీలు ఇవ్వగలిగిన ప్రపంచ బ్యాంకు, ఇతర అభివృద్ధి బ్యాంకులు ఇస్తున్నది అవసరం ముందు చాలా తక్కువ. కుటుంబ నియంత్రణ గురించి ఆఫ్రికాకు ఉపన్యాసాలిచ్చే దేశాలే ఆ బ్యాంకుల్లో అధిక వాటాదారులు. మన దేశం కూడా వాటిలో సభ్యురాలే, అంతర్జాతీయ సౌర కూటమికి కేంద్ర కార్యాలయం కూడా మన గురుగ్రామ్‌లోనే ఉంది. వడ్డీ రేటు గురించిన ఈ ప్రశ్నను ఆ వేదికల మీద మొదటి అంశంగా లేవనెత్తవలసిన బాధ్యత మన ప్రభుత్వం మీద ఉందని నేను అనుకుంటున్నాను.